మా రెండిళ్ళూ కలుపు

జూన్ 28

మా పిడుగుకి,

ఫోను చెయ్యమని రాశావు. చెయ్యను. ఫోనులో నువ్వు మొదలుపెడితే నా వంతు వచ్చేసరికి నాకు గొంతు ఆరిపోతుంది. కాగితం మీదైతే నాకూ ఓ మూల ఖాళీ దొరుకుతుంది. పొడుగ్గా రాయలేదని మాత్రం అలగకు. నలభై ఏళ్ళు సైనుబోర్డులు రాసిన చెయ్యి ఇది. నాలుగు మాటలు దాటితే వణుకు. ఒక అక్షరం మిగిలితే ఒక వేలు మిగిలినట్టు. అందుకే విభక్తులవీ మింగేస్తానని మాస్టారు ఎప్పుడూ సణుగుతాడు.

మాస్టారంటే వేరే ఎవరు, మన వెనకింటి వ్యాకరణం మాస్టారే. ఇకమీదట ఆయన్ని అన్నారు అని రాయను. అన్నాడు అనే రాస్తాను. అక్షరం మిగలదు కానీ కోపం తీరుతుంది.

జరిగింది చెబుతాను. పురపాలక ఆఫీసువాళ్ళు కొత్త రూలు పెట్టారు. ఇళ్ళ స్థలాల్లో కలుపు మోకాలి దాకా పెరగకుండా చూసుకోవాలట. ఆఫీసు ముందు పెట్టడానికి నన్ను బోర్డు రాయమన్నారు. వాళ్ళిచ్చిన కాగితంలో మాటలు రైలుపెట్టెల్లా ఉన్నాయి. బోర్డు చూస్తే తలుపురెక్కంత. నేను కత్తిరించి కత్తిరించి ఇలా దింపాను.

మోకాలెత్తు మించి కలుపు పెంచరాదు

పచ్చ నేల మీద తెల్ల అక్షరాలు. ముద్దొచ్చేలా ఉంది. మేకులు కొడుతుంటే పదిమంది చేరారు. అప్పుడొచ్చాడు గొడుగేసుకుని. ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. నాకు అప్పుడే గుబులు పట్టింది.

"కలుపు పెంచరాదేమిటయ్యా. కలుపుని ఎవడు పెంచుతాడు, దానంతటదే పెరుగుతుంది. పెరగనివ్వరాదు అనాలి."

"బోర్డు చాలదు మాస్టారూ."

"బోర్డు చాలకపోతే బుర్ర చాలాలి. మోకాలి గురించి రాస్తూ రాస్తూ బుర్ర కూడా అక్కడికే దింపేశావా?"

అందరూ నవ్వారు. టీ కొట్టువాడు నవ్వాడు. శానిటరీ ఆఫీసరు కూడా నవ్వాడు. ఆయనకి నెత్తిన ఒక్క వెంట్రుక లేదు, గుండు మొత్తం నవ్వింది. బ్రష్షు సంచిలో వేసుకుని వచ్చేశాను.

అప్పట్నుంచి మాటల్లేవు. మన పెరటికీ ఆయన పెరటికీ మధ్య దారి నీకు తెలుసుగా. పొద్దున్న పేపరు మా వసారాలో, సాయంత్రం టీ ఆయన వసారాలో. నడిచి నడిచి దానంతటదే పడ్డ దారి. ఇప్పుడు ఎవరూ నడవటం లేదు. వానలు పడ్డాయి. గడ్డి లేచింది. వంటింటి కిటికీలోంచి చూస్తే కంచె మీదుగా ఆయన గొడుగు కొన మాత్రం కనిపిస్తుంది. మీ అత్తయ్యని ఓసారి వెళ్ళి రమ్మంటే మీ వ్యాకరణంలో నేను తలదూర్చను అంది.

పోయిన వారం, పిచ్చిమొక్కలు పెరిగాయని నోటీసొచ్చింది. ఆ రూలు కింద ఊళ్ళో మొదటి నోటీసు నాకే. నా చేత్తో రాసిన రూలు నా మెడకే చుట్టుకుంది. కోసెయ్యడం ఎంతసేపు, ఒక పూట పని. కానీ దారి నేను కోస్తే నేను ముందు దిగొచ్చినట్టు. ఆయనా కొయ్యడు. ఆయనకీ అదే రోగం.

నువ్వు ఊరుకోకు. నీకు నోరుంది. మా రెండిళ్ళూ కలుపు. ఊరుకుంటే ముదురుతుంది. నాకు ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

అత్తయ్య నీ బట్టతల ప్రొఫెసరు ఇంకా అలాగే ఉన్నాడా అని అడుగుతోంది. రంగు డబ్బా మూత తీసి ఉంది, ఎండిపోతుంది, ఇక ఆపుతున్నా.

మామయ్య


జూలై 4

మామయ్యకు, వినయం కన్న ఎక్కువ ప్రేమతో, ప్రేమ కన్న ఎక్కువ ఆగ్రహంతో,

నీ ఉత్తరాన్ని మా హాస్టలు గదిలో బిగ్గరగా చదివాను. నాతో గది పంచుకునే వైద్య విద్యార్థిని నవ్వింది. నేను నవ్వలేదు. ఒక మనిషి తన స్థలంలో ఏ మొక్క ఎంతవరకు పెరగాలో నిర్ణయించే అధికారాన్ని మరొక మనిషి చేతిలో పెట్టేటప్పుడు, ఆ అధికారం ఏ కొలతతో మొదలై ఏ కొలతతో ముగుస్తుందో చెప్పవలసిన కనీస బాధ్యత ఆ ఆఫీసుకు లేదా? ప్రతి పనికీ మోకాలడ్డడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు, ఆ మోకాలినే కొలబద్ద చేసుకున్నారంటే అందులో ఆశ్చర్యమేముంది?

నేను వారిని అడగదలచుకున్నది ఒక్కటే. ఎవరి మోకాలు?

ఇంటి యజమానిదా, తనిఖీకి వచ్చిన అధికారిదా? నిలబడ్డ మోకాలా, కూర్చున్న మోకాలా? నా గది వైద్యురాలు చెప్పినదాని ప్రకారం మోకాలు ఒక గీత కాదు, ఒక కీలు. దానికి చిప్ప పైఅంచు ఉంది, కిందిఅంచు ఉంది, ఆ రెండింటి నడుమ ఒక మొక్క నిర్దోషిగా పుట్టి నేరస్థురాలిగా మారేంత జాగా ఉంది. పైగా నోటీసులో "పిచ్చిమొక్కలు" అన్నారట. మొక్కకు పిచ్చి పట్టిందని ధ్రువపత్రం ఇచ్చిన వైద్యుడెవరు? నాటినవాడు లేడు గనుక పిచ్చిదంటే, ఎవరూ నాటకుండా తనంతట తాను తలెత్తిన ప్రతిదీ పిచ్చిదే అవుతుంది. ఆ నిర్వచనం మొక్కల దగ్గర ఆగుతుందని నేను నమ్మను.

మామయ్యా, నువ్వు దీన్ని ఒక బోర్డు తగాదాగా చూస్తున్నావు. ఇది బోర్డు తగాదా కాదు. కొలత చెప్పని చట్టం, కొలిచేవాడి ఇష్టం. ఈ నెలలోనే జరిగే అంతర్విశ్వవిద్యాలయ వాదపోటీ తుదివిడతలో నా అంశం "నియమమా, న్యాయమా". నీ పెరట్లో నాకు దొరికినంత మంచి ఉదాహరణ గ్రంథాలయమంతా వెతికినా దొరకలేదు.

ఇక, నీ ఉత్తరంలోకెల్లా విలువైన వాక్యానికి వస్తాను. "మా రెండిళ్ళూ కలుపు" అని నువ్వు అమాయకంగా, మూడే మాటల్లో, నీకు తెలియకుండానే ఈ కేసు మొత్తం నా చేతిలో పెట్టావు. కలుపు రెండిళ్ళలోనూ ఉంది, నోటీసు మాత్రం ఒక్క ఇంటికే వచ్చింది. ఇంతకన్న స్పష్టమైన వివక్ష ఉంటుందా? మాస్టారి మీద నాకు ఎటువంటి పగా లేదు. నా మొదటి వాదన ఆయన వసారాలోనే నేర్చుకున్నాను. వాదనలో బంధువుండడు, వాక్యమే ఉంటుంది అని చెప్పినవారూ ఆయనే. అందువల్ల రెండు అర్జీలు రాశాను. మొదటిది మోకాలి గురించి. రెండవది, రెండు స్థలాలనూ ఒకే కర్రతో కొలవమని. రెండూ ఒకే కవరులో పెట్టి అంటించాను. విప్పకుండా ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో.

అత్తయ్యకు చెప్పు: ప్రొఫెసరు గారి తల అలాగే ఉంది, లోపల కూడా.

ఓడిపోవడం రాని,
నీ మేనకోడలు


జూలై 14

పిడుగూ,

నీ ఉత్తరం అందింది. మొదటి పేజీ చదివాను. రెండోది మొదలుపెట్టాను. నీ వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయాను. మళ్ళీ మొదటికెళ్ళేసరికి టీ చల్లారింది. బోర్డు చదివే కళ్ళు తల్లీ ఇవి, నాలుగు మాటలకి ఒకసారి ఆగుతాయి. మిగతా పేజీలు డ్రాయరులో భద్రంగా పెట్టాను, తీరిగ్గా చదువుతా. కవరు మాత్రం విప్పకుండా ఇచ్చేశాను. ముద్ర కూడా వేశారు, నా చొక్కా జేబు మీద కూడా పడింది.

అక్కడ జరిగిన తమాషా చెప్పాలి. గుమాస్తా నీ అర్జీ పైకి చదివాడు. ఎవరి మోకాలు అన్న దగ్గర ఆగాడు. ఆ కింద ఇక చదవనే లేదు. అందరూ ఎవరి మోకాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. సూపరింటెండెంటు లేచి నిలబడ్డాడు. బిళ్ళబంట్రోతు పక్కన నిలబడ్డాడు. బంట్రోతు మోకాలు ఓ పిడికిలి పైకి ఉంది. సూపరింటెండెంటుకి మొహం మాడిపోయింది. "నువ్వు చెప్పులేసుకున్నావు" అన్నాడు. విప్పించాడు. అయినా పైనే ఉంది.

దాంతో మోకాలి కమిటీ అని ఒకటి వేశారు. శానిటరీ ఆఫీసరు గుండాయన దానికి అధ్యక్షుడు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటే ఏమిటో ఇన్నాళ్ళకి కళ్ళారా చూశాను. కమిటీ కూర్చుంది, బిస్కెట్లు తింది, లేచింది. పదవిలో పెద్దది కమిషనరు మోకాలు కాబట్టి అదే ఊరి మోకాలు అని తేల్చారు. ఆయన చూస్తే తాటిచెట్టు. ఆయన మోకాలంత కర్ర కోసి పై కొనకి ఎర్ర రంగు వేయించారు. వేసింది నేనే.

ఆ కర్ర తెచ్చి మన పెరట్లో పెట్టారు. గడ్డి ఎర్ర రంగు దాకా రాలేదు. ఇక ఎవరింట్లోనూ కొలవక్కర్లేదన్నారు. ఊరంతా నిర్దోషి. నా నోటీసు వెనక్కి తీసుకున్నారు. టీ కొట్టువాడు నీ మేనకోడలిది నోరు కాదు నాయనా, నాగలి అన్నాడు.

సంతోషమే. కానీ నాకు కావలసింది ఇది కాదని నీకు తెలుసు. చదరంగంలో గుర్రం ముందుకెళ్ళాలంటే పక్కకి దూకుతుంది చూడు, నువ్వూ అలాంటి ఎత్తేదో వేశావని నమ్ముతున్నా. చదువుకున్నదానివి. నా బుర్రకి నీ ఎత్తు అందటం లేదు. అసలు పని ఎప్పుడు చేస్తావు? గడ్డి మోకాలు దాటకపోతేనేం, దారి మూసుకుపోతోంది. నిన్న మాస్టారు దగ్గితే వినిపించింది. మనిషి కనపళ్ళేదు.

అత్తయ్య వంట దించుతోంది. చెయ్యి కడుక్కోవాలి, చేతికి టర్పెంటైను వాసన.

మామయ్య


జూలై 21

నిర్దోషిగా ప్రకటింపబడిన మామయ్యకు,

కప్పు గెలిచాను.

నేను వేదిక ఎక్కి, "ఎవరి మోకాలు?" అన్న ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టినప్పుడు, ఎదుటి పక్షం నాయకుడు తన కాగితాలను రెండుసార్లు తిరగేశాడు. మూడోసారి తిరగేయడానికి అతని దగ్గర వాదన మిగలలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకరు బల్ల కిందికి వంగి తన మోకాలిని చూసుకోవడం నేను స్వయంగా చూశాను. కప్పు ఇప్పుడు మా గదిలో ఉంది. వైద్యురాలు దాంట్లో పళ్ళు తోముకునే బ్రష్షులు పెడుతోంది. దాని పేరేమిటని అడిగితే "మీ మామయ్య పెరడు" అంటోంది.

కానీ విజయంతో తృప్తిపడితే నేను నేను కాను. నీ ఉత్తరంలో "అసలు పని ఎప్పుడు చేస్తావు" అని నిలదీశావు. ఆ నిలదీత నాకు నచ్చింది. నీ నోటీసు పోయిందన్నది నీ వ్యక్తిగత లాభం, ఒక ఉన్నతాధికారి పొడుగుకాళ్ళ వల్ల కలిగిన యాదృచ్ఛికం. న్యాయం ఒకరి కాళ్ళ పొడుగు మీద ఆధారపడరాదు. అసలు పని, రెండు స్థలాలనూ ఒకే అర్జీ కింద, ఒకే విచారణలోకి తేవడం. నీ మాటే కదా: రెండిళ్ళూ. మాస్టారి స్థలం సంగతి వాళ్ళు కావాలనే వదిలేశారు. అందుకని ఈసారి నీకు శ్రమ ఇవ్వకుండా, రెండో అర్జీని గుర్తుచేస్తూ నేరుగా ఆఫీసుకే ఘాటైన జ్ఞాపిక పంపాను. "వెనకింటి యజమాని స్థలంలో ఉన్న కలుపును కొలవకుండా వదలడానికి కారణమేమి?" అని అడిగాను. నా పేరు పూర్తిగా రాసి, చేవ్రాలు చేశాను. దాక్కుని రాసే అలవాటు నాకు లేదని మాస్టారికీ తెలుసు.

ఆయన ఈ వాదన వింటే గర్వపడతారనే నా నమ్మకం. మొత్తం నిర్మాణం ఆయన నేర్పిందే: ముందు ప్రశ్న, తరువాత ఉదాహరణ, చివర ఊపిరి తీసుకోనివ్వని ముగింపు.

దారి మూసుకుపోతోందని దిగులుపడకు. విచారణ పూర్తయ్యాక రెండు వైపులా ఆఫీసువాళ్ళే శుభ్రం చేస్తారు. ఎవరూ ముందు దిగిరానక్కర్లేదు. చూశావా, నీ పరువు కూడా కాపాడాను.

జయఘోష ఇంకా చెవుల్లో మోగుతుండగా,
నీ మేనకోడలు


ఆగస్టు 3

తల్లీ,

కమిషనరు బదిలీ అయిపోయాడు.

కొత్తాయన పొట్టి. వచ్చిన రోజే పాత కర్ర చూసి ఇదెవరి మోకాలు అని అడిగాడట. పాత కమిషనరుగారిదండీ అన్నారు. ఆయన మోకాలు ఆయనతోనే వెళ్ళాలి కదా అన్నాడట. తన కర్ర తను కోయించాడు. జానెడు తగ్గింది. ఎర్ర రంగు మళ్ళీ నేనే వేశాను. మర్నాడు పొద్దునకి సగం ఊరు నేరస్థులు. టీ కొట్టువాడి కుండీలో మొక్క మీద కూడా నోటీసు అంటించారు. నీ మేనకోడలు నాగలి కాదు నాయనా, వరద అంటున్నాడు ఇప్పుడు.

నువ్వు జ్ఞాపిక పంపావటగా. ఆ కర్రతో అందరికన్నా ముందు కొలిచింది మాస్టారి పెరడు. గడ్డి ఎర్ర రంగు దాటింది. నోటీసుకి నీ కాగితం నకలు కూడా జతచేసి ఇచ్చారు. నేను మన ఇంటి వెనక గోడ మీద బొగ్గుతో ఏదో గీస్తున్నట్టు నటిస్తూ చూశాను. ఆయన వసారాలో కూర్చుని చదివాడు. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. అలవాటు కదా, నీ కాగితంలో రెండు చోట్ల ఏదో దిద్దాడు. చివరికొచ్చాడు. నీ సంతకం చూసినట్టున్నాడు. పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. 

మీ అత్తయ్య ఇక ఉండబట్టలేక కంచె దగ్గరికెళ్ళి పలకరించింది. "నా నోటితో నన్నే కరిచిందమ్మా. కరవడం బాగానే నేర్పాను" అన్నారట.

ఇంకా ఉంది. ఇద్దరి పెరళ్ళలోనూ కలుపుకి మూలం ఆ మధ్య దారేనని ఆఫీసు తేల్చింది. అందుకని దారి మీద గోడ కట్టేస్తారట. ఈ నెల్లోనే వచ్చి సున్నంతో గీత గీస్తారట. నిలువెత్తు గోడ. దాని ఎత్తుకి మాత్రం ఎవరి మోకాలూ అక్కర్లేదట.

నిన్న పాలావిడ ఒక చీటీ తెచ్చింది. మాస్టారి చేతిరాత. బోర్డుకి ఆర్డరు. ఇల్లు అమ్మబడును. అక్షరదోషం లేకుండా రాయవలెను. అంతే. చెల్లెలి ఊరికి వెళ్ళిపోతారట.

ఆ చీటీ పట్టుకుని గదిలోకొచ్చి డ్రాయరు తీశాను. నువ్వు రాసిన మిగతా పేజీలూ, అందులోనే పడేసిన కప్పు ఉత్తరమూ చదివాను. నాలుగు మాటలకోసారి ఆగి మొత్తం చదివాను.

తల్లీ. నేను కలుపు అన్నాను. నువ్వు కలుపు అనుకున్నావు.

మా రెండిళ్ళూ కలుపు అంటే గడ్డి ఉందని కాదు. మమ్మల్ని కలపమని. విడిపోయాం, నీ మాట ఇద్దరం వింటాం, మధ్యన పడి కలుపు అని. నువ్వు పక్కకి దూకించిన గుర్రం ముందుకొస్తుందని నేను చూస్తూ కూర్చున్నాను. అది ఎటు దూకిందో నీకే తెలీదు.

నీ మీద కోపం లేదు. నేను పేజీ తిప్పి ఉంటే ఆరోజే తెలిసేది. బోర్డు రాయాలో వద్దో తోచటం లేదు. నలభై ఏళ్ళలో ఆర్డరు కాదన్నది లేదు.

మామయ్య


ఆగస్టు 12

మామయ్యా,

ఈసారి నా వాక్యాలు పొట్టిగానే ఉంటాయి.

నువ్వు రాసింది మళ్ళీ తీసి చదివాను. మూడు మాటలు. అందులో ఒక కొట్లాట ఉండాలని నేను కోరుకున్నాను. కనుక ఉందనుకున్నాను. గదిలో వైద్యురాలికి చూపించి ఇదేమిటని అడిగాను. ఆమె చూడగానే "పాపం, కలపమంటున్నాడు" అంది. ఆమె వాదపోటీలకు రాదు.

ఓటమి ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవడం ఎలాగో ఎక్కడా నేర్పలేదు. తప్పుగా రాస్తే మన్నించు.

జ్ఞాపిక వెనక్కి తీసుకుంటానని ఆఫీసుకు రాశాను. జవాబు వచ్చింది. మోకాలికి సంబంధించిన కాగితాలను వెనక్కి ఇచ్చే అధికారం మోకాలి కమిటీదే. పాత మోకాలు బదిలీ కావడంతో కమిటీ రద్దయింది. కాబట్టి నా కాగితం ఎప్పటికీ చెల్లుతూనే ఉంటుందట. అంత గట్టి వాదన నేను జీవితంలో మరొకటి రాయలేనేమో.

మాస్టారికి కూడా రాశాను. ఒకటే పేజీ. ముందు ప్రశ్న లేదు, చివర ఊపిరి ఆపే ముగింపు లేదు. జవాబు రాలేదు.

పరీక్షలు అవగానే వస్తాను. బోర్డు రాయకు. రంగు లేదని చెప్పు. చెయ్యి నొప్పని చెప్పు. ఆయన వెళ్ళిపోతే ఆ వసారా ఉంటుంది గాని, అక్కడ నాది తప్పని చెప్పేవాళ్ళెవరుంటారు?

కప్పు మంచం కిందికి తోసేశాను. బ్రష్షులు కిటికీలో ఉన్నాయి.

నీ మేనకోడలు


ఆగస్టు 19

మా పిడుగుకి,

బోర్డు రాశాను.

కంగారుపడకు, చెప్పేదాకా ఆగు. నీ ఎత్తు అయిపోయింది కదా అని నా ఎత్తు నేను వేశాను. మంచి చెక్క తీసుకుని, నీలం నేల, పసుపు అక్షరాలు, నా చేతిలో ఉన్న పనితనమంతా పెట్టి రాశాను. ఆయనకి పంపలేదు. గుంజకి కొట్టి, తెల్లారగానే మధ్య దారిలో, గడ్డి నడిబొడ్డున పాతేశాను. అక్షరాలు ఆయన వసారా వైపు. పెద్ద అక్షరాలు. కళ్ళజోడు లేకపోయినా కనపడతాయి.

ఇళ్ళు అమ్మబడును

తర్వాత వసారాలో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పేపరు తలకిందులుగా ఉందని అత్తయ్య చెప్పింది. కాసేపటికి ఆయన తలుపు తీసిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. తర్వాత మళ్ళీ తలుపు. చదివి లోపలికెళ్ళిపోయారనుకున్నాను. కాదు, గొడుగు కోసం వెళ్ళారు. వాన లేదు, ఎండా లేదు. దెబ్బలాటకి గొడుగు లేకుండా రారు కదా.

గడ్డిలో అడుగు పెట్టారు. గొడుగుతో అటూ ఇటూ పాయ తీసుకుంటూ, పంచె ఎత్తిపట్టుకుని, బోర్డు దాకా వచ్చారు. నేనూ అటువైపు నుంచి వెళ్ళాను.

"ఏమయ్యా పెయింటరూ."

నేను బోర్డు పక్కన నిలబడ్డాను.

"ఇల్లు ఏకవచనం. ఇళ్ళు బహువచనం. నేను చీటీలో ఏకవచనం రాసిచ్చాను. అక్షరదోషం లేకుండా అని కూడా రాశాను."

"దోషం కాదు మాస్టారూ. బహువచనమే."

"ఎన్ని ఇళ్ళున్నాయని నాకు?"

"మీదొకటి, నాదొకటి. మీరు వెళ్ళిపోతే ఈ ఊళ్ళో నా బోర్డులకి తప్పులు పట్టేదెవరు? తప్పు పట్టేవాళ్ళు లేనిచోట రాసి ఏం లాభం? రెండూ ఒకేసారి అమ్మేద్దాం. బోర్డు కూడా ఒకటే సరిపోతుంది."

ఆయన బోర్డు చూశారు. గొడుగు కొనతో ఒక్కో అక్షరం తాకుతూ మళ్ళీ చదివారు. 

"క్రియ సరిగ్గానే ఉంది" అన్నారు. "అమ్మబడును. ఒక్క ఇంటికైనా అదే, రెండిళ్ళకైనా అదే. దాన్ని మార్చక్కర్లేదు."

ఆయన నోట నా బోర్డు గురించి సరిగ్గా ఉందన్న మాట ఇదే మొదలు.

అప్పుడు నీ సంగతి చెప్పాను. నేను ఏం రాశాను, నువ్వు ఏం చదివావు, అంతా. రెండిళ్ళూ కలుపు అని రాశావా అన్నారు. అవునన్నాను. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గొడుగు కదిలింది, తర్వాత బోర్డు పట్టుకుని నవ్వారు. "రెండిళ్ళనూ అని రాసి ఉంటే ఆ పిల్లకి అర్థమయ్యేది కదయ్యా. ఒక్క ను. ద్వితీయా విభక్తి మింగేశావు. నీ పొదుపు మండ, ఒక్క అక్షరానికి గోడ లేచేది" అన్నారు. గోడ గుర్తొచ్చి ఇద్దరం ఆగాం.

చెబితే నమ్మవు, అప్పుడే వచ్చారు ఆఫీసువాళ్ళు. గుండాయన ముందు, సున్నం బకెట్టు వెనక. గీత సరిగ్గా మేం నిలబడ్డ చోటు నుంచే పోవాలట. జరగమన్నారు. మాస్టారు జరగలేదు. ఆయన జరగలేదని నేనూ జరగలేదు.

"ఎందుకండీ గోడ?"

"కలుపు మోకాలెత్తు దాటింది కనక."

"ఎవరి మోకాలు?" అన్నారు మాస్టారు.

అచ్చం నువ్వే. కాదులే, నువ్వే అచ్చం ఆయన.

"కొత్త కమిషనరుగారిది. ఇదిగో కర్ర."

"కర్రకి మోకాలుండదు నాయనా. రూల్లో మోకాలు అనుంది, కర్ర అని లేదు. మీ ఆఫీసు ముందున్న బోర్డు చూడండి, రాసిన మనిషి ఇక్కడే ఉన్నాడు. ఆ మోకాలిని ఇక్కడికి తెచ్చి నిలబెట్టండి, కొలుచుకుందాం."

గుండాయన కాసేపు గుండు తడుముకున్నారు. కమిషనరుని పెరట్లోకి తెచ్చి పంట్లాం ఎత్తమని అడగడం ఎలాగో ఆలోచిస్తున్నట్టుంది. చివరికి మళ్ళీ వస్తామని సున్నం ఎత్తుకుపోయారు. వస్తారు. వచ్చేసరికి ఈయన కూడా బదిలీ కావచ్చు.

కొడవలి ముందు ఎవరు తియ్యాలన్నది మాత్రం తేలలేదు. తేలలేదు కనక ఎవరం తియ్యలేదు. నడుస్తున్నాం. పొద్దున్న పేపరు ఇక్కడ, సాయంత్రం టీ అక్కడ. గడ్డి దానంతటదే ఒరుగుతోంది. ఇద్దరు ముసలాళ్ళు గడ్డి తొక్కడానికి ఊరంతా తగలెట్టారని అత్తయ్య దెప్పుతోంది. బోర్డు పీకేశాను. వెనక వైపు ఖాళీగా ఉంది, దేనికైనా పనికొస్తుంది.

నువ్వు మాస్టారికి రాసిన ఉత్తరం ఆయన జేబులోనే ఉంది. మొత్తం ఎర్ర పెన్సిలుతో దిద్దారు. పదికి ఆరు వేశారు. జవాబు ఎందుకు రాయలేదంటే, వాక్యాలు ఇంత పొట్టిగా ఉన్నాయేమిటి, పిల్లకి ఒంట్లో బాగాలేదా అని దిగులుపడ్డారట. వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి పొడుగ్గా తిట్టించుకుంటారట.

ఏ ఇంటి తలుపు కొట్టినా ఫరవాలేదు. ఇద్దరం ఏదో ఒక ఇంట్లోనే ఉంటాం. ఈ ఉత్తరంలో అన్ని విభక్తులూ ఉన్నాయి, చూసుకో. ఆయన పక్కన కూర్చుని ఒక్కటి కూడా మింగనివ్వటం లేదు.

నిన్ను చూడాలని ఉంది. ఈ వాక్యంలో ద్వితీయా విభక్తి సరిగ్గా పడిందని చెప్పమంటున్నారు.

మామయ్య